పక్కింటి మామ్మగారి రైఫిల్

నా చిన్నప్పుడు నేను కుళ్ళుకున్నంతగా ఎవరూ కుళ్ళుకొని ఉండరు, అదీ ఒక తుపాకీని చూసి. అప్పట్లో మేం అమెరికాలో, ప్లేనో అనే ఊళ్ళో ఉండేవాళ్ళం. మాకంటే ముందే అక్కడ స్థిరపడిన తెలుగు అంకుల్ ఒకరు పాతకాలపు లివర్ యాక్షన్ రైఫిల్ కొని హాల్లో గోడకి తగిలించారు. దాని కిందున్న ఇనుప పిడిని ముందుకు తోసి వెనక్కి లాగితే టకామని మోగేది. వాళ్ళమ్మాయిది నా క్లాసే. స్కూల్ బస్సులో ఎప్పుడూ ఆ రైఫిల్ కబుర్లే. వింటుంటే నా కడుపు మండిపోయేది. నాన్నదీ అదే బాధ. భోజనాల దగ్గర మాటెటు తిరిగినా చివరికి అంకుల్ గోడ దగ్గరికే వచ్చేది.

ఆ వేసవిలో పక్కింటి అమెరికన్ మామ్మగారు, చనిపోయిన భర్త సామాను గరాజ్‌లో పరిచి అమ్మకానికి పెట్టారు. అందులో అలాంటి రైఫిలే, ఇంకా పాతది, ఉంది. నాన్న దాన్ని పట్టుకొని వదల్లేదు.

"ఇంట్లో పిల్లలున్నారండీ," అంది అమ్మ.

"బుల్లెట్స్ ఉండవు కదా. జస్ట్ యాంటీక్," అన్నారు నాన్న.

కొనాలో వద్దో ఆయన ఎంతకీ తేల్చుకోలేకపోయారు. మామ్మగారు నవ్వి, ఇప్పుడే డబ్బులివ్వొద్దు, కొన్నాళ్ళు మీ గోడమీద పెట్టుకొని చూడండి అంటూ ఊరికే ఇచ్చి పంపారు.

ఆ శనివారమే నాన్న అంకుల్ వాళ్ళని భోజనానికి పిలిచారు. అంకుల్ రైఫిల్‌ని అటూ ఇటూ తిప్పి చూసి, "మంచి పీస్ పట్టావోయ్," అన్నారు. ఆ తర్వాత ఆయన కంచంలో అన్నం కెలుకుతూ కూర్చున్నారు. వాళ్ళమ్మాయి ముఖం మాడ్చుకుంది. నాకైతే లోపల పండగే.

వాళ్ళు వెళ్ళాక అమ్మ ప్లేట్లు తీస్తూ, "ఆయన సరిగ్గా తినలేదు, చూశారా? మనం దిగినప్పుడు ఎయిర్‌పోర్ట్‌కొచ్చి ఇంటికి తీసుకెళ్ళిన మనిషి. మీకు డ్రైవింగ్ నేర్పిందీ ఆయనే," అంది. గొంతులో కోపం లేదు.

మర్నాడు పొద్దున్నే నాన్న రైఫిల్ తిరిగిచ్చేయడానికి బయల్దేరితే నేను ఏడుస్తూ వెంటపడ్డాను. నచ్చలేదా అని అడిగారు మామ్మగారు.

"చాలా నచ్చిందండీ. కానీ అది ఇంట్లో ఉంటే నా బుద్ధి బాగుండటం లేదు," అన్నారు నాన్న, తడుముకుంటూ, తన ఇంగ్లీషులో.

మామ్మగారు ఆయన చెయ్యి నొక్కారు. అక్కణ్ణించి నాన్న నన్ను కారెక్కించుకొని నేరుగా అంకుల్ వాళ్ళింటికి డ్రైవ్ చేశారు. వాళ్ళిద్దరూ పెరట్లో ఏం మాట్లాడుకున్నారో నాకు తెలియదు, అంకుల్ గట్టిగా నవ్వడం మాత్రం వినిపించింది.

అమ్మమీద నా అలక చాలా రోజులు తీరలేదు. ఇప్పుడు మాత్రం ఏ వస్తువు మీదైనా మనసు పడితే, దాన్ని ముందుగా ఎవరికి చూపించాలనిపిస్తోందో చూసుకుంటాను. వాళ్ళు సంతోషిస్తారనిపిస్తే కొంటాను. వాళ్ళ ముఖం చిన్నబోతే చూడాలనిపిస్తే, చెయ్యి వెనక్కి తీసుకుంటాను.