నీల్ దీవి నుంచి వెంట వచ్చిన జ్వరం

ఆ ఉదయం దేవుడి దగ్గర దీపం పెడదామని అగ్గిపుల్ల గీస్తే ఆ చిన్న వెలుగు కంట్లో సూదిలా గుచ్చుకుంది. కళ్ళ వెనక నుంచి మెడ దాకా ఒకటే నొప్పి. రోజూ చదువుకునే స్తోత్రం సగంలో ఆగిపోయింది. తరవాతి మాట గుర్తుకు రాలేదు. చిన్నప్పుడు మా అమ్మ వంటింట్లో కూర్చోబెట్టి నేర్పిన స్తోత్రం అది. నేను బడికి వెళ్ళలేదు. అక్షరాలు కూడా అమ్మ అందులోంచే దిద్దించింది. ఎప్పుడూ మరిచిపోనిది మరిచిపోయేసరికి, నొప్పి కంటే దానికే ఎక్కువ భయపడ్డాను.

మా ఇల్లు పోర్ట్‌బ్లెయిర్ పక్కన గరాచర్మలో. మా వారు స్కూల్లో మాస్టారు. మధ్యాహ్నం ఆయన వచ్చేసరికి నేను రెండు దుప్పట్లు కప్పుకుని వణుకుతున్నాను. నుదురు ముట్టుకుని, "కాలిపోతున్నావు. పద, క్లినిక్‌కి పోదాం" అన్నారు.

"వానలో తడిసిన జ్వరమేలెండి. అదే పోతుంది" అన్నాను.

తడిసిన మాట నిజమే. అంతకు పదిపన్నెండు రోజుల ముందు నేనూ మా చెల్లెలు నూకరత్నం నీల్ దీవికి వెళ్ళి వచ్చాం. రత్నం అత్తవారు బాంబూఫ్లాట్‌లో ఉంటారు, దాని భర్తది చేపల వేట. వానాకాలంలో వాళ్ళ పడవ ఒడ్డునే ఉంటుంది, టూరిస్టులూ ఉండరు. "ఆళ్ళు లేనప్పుడే మనం ఎల్లాలక్కా. దీవిలో పుట్టినాం, ఒక్కపాలైనా సముద్రాన్ని ఊరికే సూడ్డానికి ఎల్లామా? ఎప్పుడూ సేపల బుట్టతోనే గదా" అంది. ఆ మాట నా మనసుకు తగిలింది. మా వారు కూడా వెళ్ళి రమ్మన్నారు.

అక్కడ సైకిళ్ళు అద్దెకు తీసుకున్నాం. ఖాళీ రోడ్డు, అటూ ఇటూ వక్కతోటలు, మీద సన్నగా వాన. దారిలో ఒక చిన్న గుడి కనిపిస్తే నేను చెయ్యి వదిలి దండం పెట్టబోయాను. "అక్కా, ముందు బ్రేకు నొక్కు. దండం దిగినాక పెడుదువు గాని" అని రత్నం వెనక నుంచి కేకేసింది. ఇద్దరం నవ్వు ఆపుకోలేక సైకిళ్ళు దిగిపోయాం. సాయంత్రం నీళ్ళు వెనక్కి తీశాక ఒడ్డు వెంబడి చాలా దూరం నడిచాం. ఇసక అయిపోయిన చోట నడుమెత్తు గడ్డి, పొదల మీద నీలంగా శంఖుపూలు. పూజకని పొదల్లోకి దిగి చున్నీ నిండా కోశాను. ఆ తడిగడ్డి మీదే కూర్చుని ఇద్దరం పులిహోర తిన్నాం. ఇంత మంచి రోజు ఇచ్చినందుకు అక్కడే చేతులు జోడించుకున్నాను.

క్లినిక్‌లో పారాసిటమాల్ ఇచ్చారు. వేసుకుంటే కాసేపు చెమట పట్టేది, మళ్ళీ చలి. మలేరియా టెస్ట్ నెగెటివ్. డెంగ్యూ నెగెటివ్. టైఫాయిడ్ కావచ్చని ఇంజెక్షన్లు మొదలుపెట్టారు. అవి పడుతున్నా జ్వరం దిగలేదు. వారం తిరిగేసరికి నాలుగడుగులు వేస్తే ఆయాసం వచ్చేది. పెద్దాసుపత్రికి పంపారు.

అక్కడి డాక్టరమ్మ చిన్న వయసుది, బెంగాలీ పిల్ల. మంచం పక్కన నిలబడి ఓపికగా అడిగింది. "ఆంటీ, ట్రావెల్ హిస్టరీ హై? ఈ మధ్య కహీఁ గయే థే, ఎక్కడికైనా వెళ్ళారా?"

"లేదమ్మా" అన్నాను. మా వారూ అదే చెప్పారు. "కహీఁ నహీఁ గయే మేడమ్. మెయిన్‌ల్యాండ్ వెళ్ళి మూడేళ్ళయింది."

మేం అబద్ధం చెప్పలేదు. మాకు ప్రయాణమంటే మెయిన్‌ల్యాండే. ఓడ టికెట్టు దొరకాలి, పెట్టె సర్దాలి, వైజాగ్‌లో దిగాలి. నీల్‌కి వెళ్ళి రావడం మా లెక్కలో పక్కింటికి వెళ్ళి రావడం. అది ట్రావెల్ అని మా ఇద్దరికీ తోచనే లేదు.

మర్నాడు రిపోర్టులు చూసి డాక్టరమ్మ ముఖం మారింది. ప్లేట్‌లెట్లు పడిపోతున్నాయి, లివర్ దెబ్బతింటోంది, లంగ్స్‌లో నీరు చేరుతోంది. మా వారిని పక్కకు పిలిచి, "ఐసీయూ బెడ్ సిద్ధంగా ఉంచుతున్నాం. కారణం ఇంకా దొరకలేదు" అంది. మెల్లగానే అంది కానీ నాకు వినబడింది. ఇంటికి మళ్ళీ తిరిగి వెళ్ళనేమో అనిపించింది. స్తోత్రం మొదలుపెట్టాను. మళ్ళీ అక్కడే ఆగింది.

అప్పుడే రత్నం గంజి తీసుకొచ్చింది. నన్ను ఆక్సిజన్‌తో చూసి గిన్నె కింద పెట్టి ఏడుపు అందుకుంది. "బావగారూ, నాదే పాపం. నాను ఆ సైకిళ్ళ మీద తిప్పకపోతే ఈ మనిసి ఇలాగయ్యేదా? వానలో, గడ్డిలో..."

వెళ్ళిపోబోతున్న డాక్టరమ్మ ఆగింది. మా దీవుల్లో పెరిగిన పిల్ల, అన్ని భాషలూ కాస్త కాస్త అర్థమవుతాయి. "కౌన్‌సీ సైకిల్? ఏ సైకిల్, ఎక్కడ?"

"నీల్ మేడమ్" అన్నారు మా వారు.

"కానీ ట్రావెల్ లేదన్నారు కదా?"

"నీల్‌కెళ్తే ట్రావెల్ ఏంటి మేడమ్? అప్‌నా ఘర్ హై, మన ఇల్లే కదా."

డాక్టరమ్మ వెంటనే నా మంచం దగ్గరికి వచ్చింది. మా వారిని బయటికి పంపి, పర్దా లాగి, నర్సుతో కలిసి నా ఒళ్ళంతా వెతికింది. చంకలు, మెడ వెనక, మోకాళ్ళ వెనక. చివరికి నడుము దగ్గర, చుడీదార్ బొందు ముడి వేసే చోట ఆగింది. అక్కడ శనగగింజంత నల్లటి పొక్కు. సిగరెట్టుతో కాల్చినట్టుంది. నేను దాన్ని స్నానం చేసేటప్పుడు చూశాను. బొందు ఒరిపిడి అనుకున్నాను. ఆ చోట నలుపు ఏ ఆడదానికి ఉండదు? నొప్పి లేదు, దురద లేదు. ఇక మగడాక్టరుకి అయితే అసలే చూపించను.

"మిల్ గయా" అంది డాక్టరమ్మ. దొరికింది అని. అప్పుడు మొదటిసారి ఆమె నవ్వింది. "స్క్రబ్ టైఫస్. గడ్డిలో, పొదల్లో ఉండే కంటికి కనిపించని పురుగు కుడితే వస్తుంది. మందు ఉంది ఆంటీ." ఆ గంటలోనే డాక్సీసైక్లిన్ మొదలుపెట్టారు.

తరవాత, "మీతో ఎవరు కూర్చున్నారు గడ్డిలో?" అని అడిగింది.

రత్నం ఒక అడుగు వెనక్కి జరిగింది. డాక్టరమ్మ దాని చెయ్యి పట్టుకుంది. కాలుతోంది.

"నిన్నటి నుంచి కొంచిం ఎచ్చగానే ఉంది" అంది రత్నం తల దించుకుని. "అక్క ఇలాగుంటే నా సంగతేటి సెప్పను?" దాని మోకాలి వెనక కూడా అలాంటిదే నల్లటి పొక్కు ఉంది. జ్వరం మొదట్లోనే మాత్రలు పడ్డాయి కాబట్టి అది మంచం ఎక్కకుండానే బయటపడింది. నన్ను కాపాడినందుకన్నా, దాన్ని నాలా కానివ్వనందుకు నేను భగవంతుడికి ఎక్కువ రుణపడ్డాను.

నాకు అంత సులువుగా వదల్లేదు. మర్నాడు ఆయాసం ఎక్కువై ఐసీయూలోకి మార్చారు. ముఖం మీద మాస్క్, మాట పైకి రాదు. స్తోత్రం రాకపోతే "అమ్మా" అనే ఒక్క మాటే అనుకుంటూ పడుకున్నాను. మూడో రోజుకి జ్వరం దిగింది. లంగ్స్ తేరుకోవడానికి ఇంకా వారం పట్టింది. ఇంటికి వచ్చాక ఎడమ చెవి మూసుకుపోయింది. దీపం దగ్గర గంట కొడితే సగమే వినబడేది. "నరం వాచింది, టైమ్ పడుతుంది" అన్నారు ఈఎన్‌టీ డాక్టరు. జుట్టు ఊడింది. మెట్లెక్కితే కాళ్ళు వణికేవి. ఒక్కోరోజు ఊరికే ఏడుపొచ్చేది. మా వారు వంట చేసి, ఉప్పు మరిచిపోయి, నేను తినేదాకా పక్కనే కూర్చునేవారు.

ఇప్పుడు చెవి చాలావరకు వచ్చింది. సన్నటి హోరు మాత్రం మిగిలింది. స్తోత్రం మొదటి నుంచి చివరిదాకా వస్తోంది. రత్నం మళ్ళీ నీల్ అంటోంది. "ఈపాలి పంట్లాం సాక్సులోకి దోపేసుకుందుమక్కా. పువ్వులు మటుకు నాను కొనిస్తాను" అంటుంది. వెళ్తాం. గడ్డి మీద కూర్చోం, తిరిగి రాగానే స్నానం చేసి బట్టలు మార్చుకుంటాం, ఒకరి ఒళ్ళు ఒకరం చూసుకుంటాం.

మొన్న చెకప్‌కి వెళ్తే డాక్టరమ్మ, "ఆంటీ, ట్రావెల్ హిస్టరీ?" అంది నవ్వుతూ. "ఉందమ్మా. ఆదివారం ఫెర్రీ ఎక్కి బాంబూఫ్లాట్ వెళ్ళాను. చెల్లెలి పెరట్లో కరివేపాకు కోశాను" అన్నాను.

నా మాటగా ఒక్కటి చెప్తాను. జ్వరం వస్తే, గడిచిన రెండు మూడు వారాల్లో మీరు నడిచిన చోటు, కూర్చున్న చోటు డాక్టరుకి చెప్పండి, పక్క దీవైనా సరే, సొంత పెరడైనా సరే. నొప్పి లేని నల్లమచ్చ ఉంటే అది ఎక్కడున్నా చూపించండి.