మంచు బూట్లూ నా వెడల్పు పాదాలూ

మా ఆయనకి మొదటి షాపులో, మొదటి జతే పట్టేసింది. నాకు ఒళ్ళు మండింది.

చలికాలం రాగానే దుబాయ్ చుట్టుపక్కల కొండలెక్కే బృందం మాది. కరోనా సద్దుమణిగాక పట్టుకున్న పిచ్చి అది. ఆ ఏడు అందరం కలిసి జార్జియా వెళ్ళి మంచుకొండ ఎక్కుదామన్నారు. కాళ్ళకి స్కీలు తగిలించుకుని సొంతంగా నడుస్తూ పైకెళ్ళాలి, అక్కణ్ణుంచి జారుకుంటూ దిగాలి. జారడం మాల్‌లో ఉన్న మంచుగదిలో పడుతూ లేస్తూ నేర్చుకున్నాం. ఇక మిగిలింది బూట్లు. అద్దెకి దొరికేవి బరువు, వాటితో ఎక్కలేరు, ఎవరివి వాళ్ళే తెచ్చుకోండి అని గైడు ముందే చెప్పేశాడు.

తేలిక బూట్లేమో సన్నటి పాదాల కోసమే చేస్తారట. నావి చేటలు. రాజమండ్రిలో చెప్పుల షాపువాడు నన్ను చూడగానే మగవాళ్ళ అరల వైపు చెయ్యి చూపించేవాడు. ఇక్కడ అదే మాట ‘సారీ మేడమ్’ అని మర్యాదగా అంటారు, అంతే తేడా. కాలుగాలిన పిల్లిలా షాపులన్నీ తిరిగాను. ఆఫీసులో ముదీర్, అదే మా మేనేజరు, ఏదో చెబుతుంటే బల్ల కింద ఫోన్‌లో బూట్లు వెతికాను. ప్రయాణం దగ్గరికొస్తోంది. అన్నం సహించడం లేదు, ఎవరు పలకరించినా కసిరేస్తున్నాను. అందరూ కొండెక్కుతుంటే నేను కింద కూర్చోవాలా? ఆ ఊహకే ఏడుపొచ్చేది.

చివరికి దేశం వదిలి వెళ్ళిపోతున్న ఒకావిడ తన పాత జత అమ్మకానికి పెట్టింది. నా కాలికన్నా రెండు నంబర్లు పెద్దవి. ఎగిరి గంతేశాను. వెడల్పు చాలకపోతే నంబరు పెంచడం, ముందు మిగిలిన చోట దూది కుక్కడం చిన్నప్పట్నుంచీ మా ఇంట్లో అలవాటే కదా.

ఇంటికి తెచ్చిన సాయంత్రమే వాటిని తొడుక్కుని, డేరా అనే పేటలో ఉన్న మా బిల్డింగు మెట్లు ఎక్కడం మొదలుపెట్టాను. ధన్ ధన్ మని చప్పుడు. కడప నుంచి వచ్చిన మా వాచ్‌మన్ పరుగెత్తుకొచ్చాడు.

“ఏం మేడమ్, లిఫ్టు బాగానే ఉండాది కదా! మెట్లెందుకు ఎక్కుతాండారు?”

“కొండెక్కడానికి భాయ్!”

“ఈడ కొండ యాడుండాది?”

అతన్ని దాటుకుని ఎక్కుతూనే ఉన్నాను. అడుగేసినప్పుడల్లా మడమ బూటులోంచి పైకి లేస్తోంది. ఐదో అంతస్తుకి చర్మం ఊడింది. మెట్టు మీద కూలబడి బావురుమన్నాను.

మా ఆయన వచ్చి పక్కన కూర్చున్నారు. “పోనీలేవే. వాళ్ళు ఎక్కి వస్తారు. నీకు తోడుగా నేనూ హోటల్లో ఉండిపోతాను.”

“నామీద జాలి చూపించకండి!” అని అరిచాను. ఆయన నొచ్చుకోలేదు. దాంతో నాకు ఇంకా మండింది.

మా బృందంలో ఒకమ్మాయి, స్కీ సామాన్లు బాగుచేసే చిన్న షాపు ఒకటుంది, వెళ్ళమంది. శుక్రవారం ఆయనే కారులో తీసుకెళ్ళారు. షాపాయన బూటులోని మెత్తటి తొడుగు పైకి లాగేసి, ఉత్త డొల్లలో నా పాదం పెట్టించి, వేళ్ళు ముందుకి ఆనించమన్నాడు. మడమ వెనక సందులో చెయ్యి దూర్చి చూశాడు.

“రెండు వేళ్ళు పట్టాలి. నాలుగు పడుతున్నాయి,” అన్నాడు హిందీలో. “మీ పాదం పొడుగు కాదు మేడమ్, వెడల్పు. అంతే.”

నలభై దాటాక నా కాలి కొలత నాకు తెలిసింది! షాపాయన తన దగ్గర అమ్మకానికున్న పొట్టి జత ఒకటి తీశాడు. కార్బన్‌ది అయితే సాగదట, ఇది ప్లాస్టిక్ కాబట్టి సాగుతుందట. చిటికెన వేలి దగ్గర వేడిచేసి, లోపల్నుంచి బయటికి నొక్కిపెట్టాడు. అది చల్లారేదాకా మేం ఎదురుగా కరక్ చాయ్ తాగాం. నేను కూర్చోలేక నిలబడే తాగాను.

తిరిగొచ్చి తొడుక్కున్నాను. మడమ కదల్లేదు. వేళ్ళు హాయిగా ఆడుతున్నాయి. షాపంతా తిరిగాను, గుమ్మం మెట్టు పదిసార్లు ఎక్కి దిగాను. “అమ్మయ్య! ఖలాస్ అండీ, దొరికాయి!” అన్నాను. ప్రాణం లేచొచ్చింది.

మా ఆయన నవ్వలేదు. కారులో కూర్చున్నాక కూడా ఇంజను స్టార్ట్ చెయ్యలేదు.

“నీకు దొరకవనుకున్నానే,” అన్నారు.

“అంటే?”

“నాకు భయం. మంచుగదిలో జారిన ప్రతిసారీ పై ప్రాణాలు పైనే పోయేవి. అందరి ముందూ ఎలా చెప్పను? నీ వంకతో ఆగిపోదామనుకున్నా.” నా వైపు తిరిగి, “ఇద్దరం మానేద్దామా?” అని అడిగారు.

కోపం రావలసింది, జాలేసింది. ఆయన చెయ్యి పట్టుకున్నాను. ఇన్నేళ్ళూ ఇలాంటప్పుడు సరేనండీ అనేదాన్నే. ఆ మాట నోటిదాకా వచ్చింది కూడా.

“మీరు ఆగిపోండి,” అన్నాను. “నేను వెళ్తాను.”

పెళ్ళయ్యాక ఆయన లేకుండా ఎక్కడికైనా వెళ్తానని అనడం అదే మొదటిసారి. అనేశాక నాకూ భయమేసింది. మాట మాత్రం వెనక్కి తీసుకోలేదు.