పాత సూదుల డబ్బా

పనిమీద వెళ్ళిన తమిళ నగరంలో, జార్జి టౌన్ బస్టాపులో నేను ఫోన్లో తెలుగు మాట్లాడటం విని ఒకావిడ దగ్గరికొచ్చింది. ఆమె చేతిలోని ప్లాస్టిక్ డబ్బా నిండా వాడేసిన సిరంజిలు.

"ముట్టొద్దమ్మా. నా కొడుకువి. మత్తుమందు ఎక్కించుకుంటాడు. పాతవి తెచ్చిస్తే ఈడ సంఘమోళ్ళు కొత్తవి ఇస్తా ఉండినారు. వాళ్ళూ ఒకప్పుడు వాడిలాంటోళ్ళే. ఇప్పుడు ఫండు రాలేదని ఆఫీసు మూసేసినారు."

ఎదురుగా ఉన్న మందుల షాపు చూపించింది.

"నేనడిగితే ఆ షాపోడు తరిమేస్తాడు. కొత్తది లేకుంటే వాడు పక్కోడి సూదే పొడుచుకుంటాడు. ఆ పక్కోడికి హెచ్చైవీ ఉండాదమ్మా. నువ్వడిగితే ఇస్తాడు."

వెళ్ళాను. షాపతను నా చీర, హ్యాండ్‌బ్యాగు చూసి "షుగరా మేడమ్?" అన్నాడు. తలూపాను. మారు మాట్లాడకుండా సిరంజిల ప్యాకెట్టు ఇచ్చాడు.

ఆవిడ దాన్ని రెండు కళ్ళకూ అద్దుకుంది. నా బస్సు వచ్చింది. ఆవిడ నా కొంగు పట్టుకుంది.

"ఇవి అయిపోతే ఎట్లమ్మా? వచ్చే వారం గూడా ఈడికి వస్తావు గదా?"

నాది ఆ ఊరు కాదు, సాయంత్రమే నా రైలు. కొంగు లాక్కుని బస్సెక్కాను.

ఇప్పటికీ ఏ మందుల షాపు ముందు నిలబడినా, వెనక నుంచి ఎవరో కొంగు పట్టుకున్నట్టే ఉంటుంది.