అడవిలో చిన్నాయన భోజనాలు

మొన్న మా మనవరాలు సెల్లు తెచ్చి నా కళ్లముందు పెట్టింది. అందులో ఒక కుర్రవాడు అహోబిలం పైన ఏదో గుహ ముందు నిలబడి, పూర్వం నల్లమలలో తప్పిపోయిన ఒక డ్రిల్లు మాస్టరు ఎలుగుబంట్లు రాకుండా నెగడు వేసుకుని ఈ గుహలోనే ఉండేవాడని, ఇది నిజంగా జరిగిన చరిత్ర అని గొంతు చించుకుని చెబుతున్నాడు. నాకు ఒళ్లు మండింది. ఆ డ్రిల్లు మాస్టరు మా చిన్నాయన. ఆ గుహా, నెగడూ, ఎలుగుబంట్లూ మాత్రం నేను కోయిలకుంట్లలో అద్దె గదిలో కూర్చుని, చెమటలు తుడుచుకుంటూ పుట్టించినవి. ఆ మాటే మనవరాలి చేత ఆ వీడియో కింద రాయిస్తే, ‘పెద్దాయనా, తెలియకపోతే ఊరకుండండి, చరిత్రను వక్రీకరించకండి’ అని ఎవరో జవాబిచ్చారు. చరిత్రట!

వారపత్రిక ఎప్పుడొస్తుందా అని బస్టాండు అంగడి దగ్గర కాచుకున్న మన ఈడువాళ్లకైతే నా గోడు అర్థమవుతుందని చెప్పుకుంటున్నాను. చిన్నాయన ఆత్మకూరులో మిషను బడి డ్రిల్లు మాస్టరు. సెలవులిచ్చిన మరునాడే సంచిలో జొన్నరొట్టెలు, చెనిగ్గింజల పొడి కట్టించుకుని నల్లమలలోకి పోయేవాడు. ఎవరూ రాసిపెట్టని జలపాతాలను, పాత కోటగోడలను వెదకడం ఆయన పిచ్చి. ఒక వేసవిలో అలా పోయినవాడు మళ్లీ రాలేదు. ఫారెస్టువాళ్లు, చెంచులు, చర్చి పడుచువాళ్లు అడవంతా గాలించినా ఆయన చేతికర్ర కూడా దొరకలేదు.

పోయిన మనిషి ఇంటివాళ్లను ఓదార్చడానికి మా క్రైస్తవుల్లో ఆదరణ కూడిక పెడతారు. పెద్దలు అది పెడదామంటే చిన్నమ్మ ఒప్పుకోలేదు, పోయినట్టు ఎవరు చూసినారు అంది. దాంతో పాస్టరు అయ్యగారు ఆదివారం ఆరాధనలో ప్రయాణాల్లో ఉన్నవారి కోసం చేసే ప్రార్థనలో, లారీల మీద దూరాలు వెళ్లినవాళ్ల పేర్లతోపాటు చిన్నాయన పేరు కూడా చెప్పడం మొదలుపెట్టాడు. చిన్నమ్మ ముందు వరసలో చాప మీద కూర్చుని, ఆ పేరు వినబడ్డాకే ఆమేన్ అనేది. ఆమెకు మిగిలిందల్లా ఆ పేరే.

నేనప్పుడు కొత్తగా బడిపంతులునై, కథల పిచ్చితో ఆయన్ని మనసులో పెట్టుకుని ఒక సాహస సీరియల్ మొదలుపెట్టాను. పేరు మార్చాను, కానీ ఏం లాభం? అడవిలోంచి చిన్నాయన తన అన్న కొడుక్కు, అంటే నాకు, రహస్యంగా కబుర్లు పంపుతున్నాడని, వాడు పేరు మార్చి పత్రికలో వేయిస్తున్నాడని ఆత్మకూరంతా తీర్మానించుకుంది. అంత తెలివైన ఊరు. ఒక వారం హీరో మీదికి పులిని దూకించి, అది గాలిలో ఉండగా ‘ఇంకా ఉంది’ అని ఆపాను. సీరియల్ అన్నాక అక్కడే కదా ఆపుతారు! ఆ ఆదివారం అయ్యగారు కంటతడి పెట్టుకుని, ప్రయాణాల్లో ఉన్నవారి ప్రార్థనలో చిన్నాయన పేరు వదిలేశాడు. సంఘపెద్దలు ఆదరణ కూడికకు షామియానా కూడా మాట్లాడేశారు. వచ్చే వారందాకా ఆగే ఓపిక ఒక్కరికీ లేకపోయింది.

మర్నాడు చిన్నమ్మ నంద్యాలలో బస్సు మారి కోయిలకుంట్లకు వచ్చి, పిల్లలందరూ చూస్తుండగా నా తరగతి గుమ్మంలో నిలబడింది.

“ఏమప్పా, మీ చిన్నాయన నీకేం అపకారం చేసినాడు? ఆ పులిని యాడికన్నా తోలెయ్. చర్చిలో ఆయన పేరు మళ్లా చెప్పాల,” అంది.

అది కథ చిన్నమ్మా అని మొత్తుకున్నాను.

“కథే అయితే నీ చేతిలోనే ఉండాది కదా,” అంది. ఆ రాత్రే కూర్చుని తరువాతి భాగం తిరగరాశాను.

పులి గురి తప్పి వాగులో పడింది. షామియానా వెనక్కి పోయింది, చర్చిలో పేరు మళ్లీ వినబడింది. నా సీరియల్ మాత్రం అక్కడితో చట్టుబండలైంది. హీరోకు ముల్లు గుచ్చుకోకూడదు, జ్వరం రాకూడదు, పాము ఎదురుకాకూడదు. అవన్నీ మానేసినా చిన్నమ్మ ఊరుకుందా? శానా దినాలాయె, ఆయన అన్నం తిన్నట్టు యాడా రాయలేదే, ఆ మనిషి ఆకలికి తాళలేడు అని ఆత్మకూరు నుంచి వచ్చేవాళ్లందరితో కబురు పంపేది. ఏం చేయను, నిధి ఉన్న గుహ వాకిట్లో హీరోను కూర్చోబెట్టి వారం వారం కొర్రన్నం, ఉల్లిగడ్డ వేసిన ఉలవచారు పెట్టాను. నడి అడవిలో ఉల్లిగడ్డ ఎక్కడిదని పాఠకులు తిట్టారు. ఇది సాహస గాథా, వంటల శీర్షికా అని ఎడిటరు విసుక్కుని, తొందరగా ముగించమన్నాడు. వాగులో కాళ్లు కడుక్కుని, అన్నం తిని, సంచి భుజాన వేసుకుని లేచాడని ముగించాను. ఇదీ ఒక ముగింపేనా అని అందరూ దుమ్మెత్తి పోశారు గానీ, చిన్నమ్మ నిమ్మళంగా ఉంది.

ఆమె పోయి చాలా ఏళ్లయింది. సమాధి చేసిన తర్వాతి ఆదివారం, కొత్త అయ్యగారు ప్రయాణాల్లో ఉన్నవారి పేర్లన్నీ చెప్పి ఆమేన్ అన్నాడు. చిన్నాయన పేరు రాలేదు. కళ్లు తెరిచి చుట్టూ చూశాను, అందరూ ఆమేన్ అనేశారు. నాకు ఏడుపు ఆగలేదు.

ఇప్పుడా వీడియో పుణ్యమా అని, ఆ సీరియల్‌ను పుస్తకంగా వేస్తామని ఒకాయన ఫోను చేశాడు. ముగింపు చప్పగా ఉందట, పులి చేత చంపించేయమన్నాడు. చిన్నమ్మ సంగతి చెప్పి కుదరదన్నాను. ఇప్పుడు అడ్డం చెప్పేవాళ్లు ఎవరున్నారు సార్ అన్నాడు. నిజమే, బస్సు మారి వచ్చి నన్ను నిలదీసేవాళ్లు లేరు. ఆ కుర్రవాడి వీడియో కింద జనం రాసినవన్నీ మనవరాలి చేత ఓపిగ్గా చదివించుకున్నాను. ఎలుగుబంట్లు ఇంకా ఉన్నాయా, నిధి ఎక్కడ, గుహకు దారి ఎటు అని వందలమంది అడిగారు. ఆ మనిషి అన్నం తిన్నాడా అని ఒక్కరూ అడగలేదు.