చేతులు దాచుకునే పిల్ల

దర్జీ తాత మనవరాలు ఎప్పుడు చూసినా రెండు చేతులూ చంకల్లో దాచుకుని, గోడవారగా నడుస్తుంది. "దీని చెయ్యి పడిందంటే ఆ వస్తువు పని అయిపోయినట్టే" అని మేనత్త వచ్చినవాళ్లందరికీ నవ్వుతూ చెబుతుంది, తల్లి కాదనదు. దాహమేసినా ఆ పిల్ల తనంతట తాను గ్లాసు తీసుకోదు, ఎవరైనా అందించేదాకా బిందె పక్కన నిలబడుతుంది. బడి విడిచాక తాత దుకాణంలో, కత్తెరకు దూరంగా, ముక్కాలిపీట మీద ఒదిగి కూర్చుంటుంది.

ఆ సాయంత్రం తాత ఒక కొత్త కోటు మీద ఇస్త్రీపెట్టె ఆన్చి, బట్ట కొలతలివ్వడానికి వచ్చిన మనిషి వైపు తిరిగాడు. "చదివింది మా ఊరి బడిలో అయిదో తరగతే. అయితేనేం, జడ్జిగారి కోటు కుట్టిన చెయ్యండీ ఇది! ఒక్క కుట్టు వంకర పోయిందని అననివ్వండి చూద్దాం!"

పెట్టె కింద సన్నగా పొగ లేచింది. పిల్ల చూసింది. పెట్టె ఎత్తాలంటే ముట్టుకోవాలి. పిలుద్దామంటే, పెద్దవాళ్ల మాటల్లో దూరొద్దని తాతే కసిరాడు నిన్న. చంకల్లో వేళ్లు ఇంకా బిగుసుకున్నాయి.

మాడువాసనకు తాత ఉలిక్కిపడి పెట్టె లాగేశాడు. కోటు వీపున నల్లటి మచ్చ పడింది.

"ముట్టుకున్నావా ఏమిటే?"

పిల్ల తల అడ్డంగా ఊపింది.

"లేదు తాతా, ఊరికే చూశానంతే. నేను చూసినా పాడవుతాయని తెలీదు" అని కళ్లు గట్టిగా మూసుకుంది.