ఉప్పుమడుల దగ్గర ఎత్తిన చెయ్యి

సముద్రపు రోడ్డు మీద బస్సు నడిపే ఆ డ్రైవరుని చిన్నా పెద్దా అందరూ "ఆపుడు బాబాయి" అనేవారు. స్టాపున్నా లేకపోయినా, చెయ్యెత్తితే చాలు ఆపేసేవాడు. తల గోక్కుందామని చెయ్యెత్తినా ఆపేస్తాడని చేపల బుట్టల ఆడవాళ్ళు ఆటపట్టించేవారు. డిపోలో ఎన్ని చీవాట్లు తిన్నా ఆయన బుద్ధి మారలేదు. "మనం వదిలేస్తే ఆ రోడ్డులో వాళ్ళకి కాళ్ళే గతి" అనేవాడు.

ఆ వానరోజు, బస్సు ఇంకా పట్నం స్టాండులో ఉండగానే ఆఖరి స్టాపు ఊరినుంచి ఫోనొచ్చింది. చేసింది వాళ్ళక్క పొరుగావిడ.

"మీ అక్కకి ఊపిరాడటం లేదు తమ్ముడూ. తొందరగా రా."

తల్లి పోయాక ఆయన్ని చంకనేసుకుని పెంచింది ఆ అక్కే. సంగతి విని బుట్టల ఆడవాళ్ళే తేల్చేశారు.

"ఎక్కడా ఆపకు బాబాయ్. మేం చివర దిగి వెనక్కి నడుస్తాంలే."

కండక్టరు కూడా సరేనన్నాడు. స్టాపులన్నీ దాటుకుంటూ పోయారు. ఉప్పుమడుల దగ్గర, హోరువానలో, తలమీద ప్లాస్టిక్ సంచి కప్పుకున్న మనిషెవరో రోడ్డు మధ్యదాకా వచ్చి చెయ్యెత్తాడు. డ్రైవరు కాలు దానంతటదే బ్రేకు మీదికి పోయింది. పళ్ళు బిగబట్టి తీసేశాడు. అద్దంలో ఆ చెయ్యి కాసేపు అలాగే కనబడింది. ప్రాణం ఉసూరుమంది.

అక్క ఇంకా ఉంది. తమ్ముణ్ణి చూసింది, వెంటనే గుమ్మం వైపు చూసింది.

"వాడేడిరా?"

"ఎవరక్కా?"

"నా కొడుకురా. ఉప్పుమడుల దగ్గర నీ బస్సే ఎక్కుతానన్నాడు. మావయ్య ఆపకుండా పోడులే అన్నాడు."

ఆయన "వచ్చేస్తున్నాడక్కా" అంటూ పరుగున బయటపడి, ఖాళీ బస్సు వెనక్కి తిప్పాడు. మేనల్లుడు చెప్పులు చేతబట్టుకుని, బురదలో పరుగెత్తుకుంటూ ఎదురొచ్చాడు. ఇద్దరూ ఇంటికి చేరేసరికి గుమ్మం నిండా జనం, లోపల ఏడుపులు.

తల్లి పక్కన చాలాసేపు కూర్చుని మేనల్లుడు బయటికొచ్చాడు. మేనమామ బస్సు మెట్టుమీదే కూలబడి ఉన్నాడు.

"ఊరుకో మావయ్యా. ఆ వానలో నువ్వు చూసుండవు."

అవునంటే సరిపోయేది.

"చూశాన్రా" అన్నాడు ఆపుడు బాబాయి. "నీ చెయ్యి చూశాను."