ఐదో మెట్టు ఎత్తు

మా పిన్ని సగం మెలకువలోనూ సగం కలలోనూ బతికే మనిషి. మా ఇంటికొచ్చినప్పుడు పాలు పొయ్యి మీద పెట్టి కిటికీలోంచి చూస్తూ నిలబడిందంటే పాలు పొంగాల్సిందే, మా అమ్మ కేకలు వేయాల్సిందే. అలాంటి మనిషికి నీళ్ల ఆఫీసులో గ్రాఫులు గీసే ఉద్యోగం ఎవరిచ్చారో గానీ, ఆ పనిలో మాత్రం ఆవిడకి తిరుగులేదు. ఆఫీసులో అందరూ గ్రాఫులమ్మ అనేవారు.

ఊళ్లో పన్నెండు ట్యాంకులు. ఒక మిల్లీలీటరు నీళ్లలో ఎన్ని క్రిములున్నాయో ల్యాబువాళ్లు లెక్కపెట్టి పంపేవారు. కొన్నిట్లో పది, కొన్నిట్లో వంద. ఏదో ఒకదాంట్లో వేలు వచ్చాయంటే, ఆ ఒక్క గీత ఆకాశానికి లేచి మిగతావన్నీ నేలకి అంటుకుపోయేవి. అందుకని పిన్ని అంకెలని లాగ్‌లోకి మార్చి గీసేది. అప్పుడు అంకె పక్కన సున్నాలే లెక్క: వంద రెండవుతుంది, పదివేలు నాలుగవుతుంది. పన్నెండు ట్యాంకులూ బుద్ధిగా ఒకే కాగితంలో ఇమిడేవి. పక్కన నిలువు గీత మీద సున్నా నుంచి నాలుగు వరకు అంకెలు, అడుగున సన్నటి అక్షరాల్లో ‘లాగ్ స్కేలు’ అని ఒక ముక్క. మీటింగులోకి ఆవిడకి పిలుపుండదు, కాగితమొక్కటే లోపలికి వెళ్లేది.

ఆ ఏడాది నాకు జ్వరం పట్టుకుని పది రోజులైనా వదల్లేదు. నీళ్ల వల్లేనన్నాడు డాక్టరు. మా వీధిలో అప్పటికే పదకొండు ఇళ్లలో మంచం పట్టారు. మధ్యాహ్నం సెలవు పెట్టి నన్ను చూడ్డానికొచ్చింది పిన్ని.

“మీకు ఏ ట్యాంకు నీళ్లక్కా?” అని అమ్మని అడిగింది.

“ఏడోది.”

పిన్ని మొహం పాలిపోయింది. ఏడో ట్యాంకు నెల రోజులుగా నాలుగు దగ్గరుంది. పెద్ద ఇంజినీరు గారు పోయిన మీటింగులో ఆ కాగితం చూసి, “రెండున్నది నాలుగైంది, అంతేగా. వచ్చే నెల చూద్దాం,” అన్నారట. ఎంత తీరుబడో ఆయనకి!

ట్యాంకు మూయించాలి. మర్నాడే మీటింగు. అది దాటితే మళ్లీ నెలకే.

నేను జ్వరంలో కలవరిస్తున్నాను. “పిన్నీ, ఈ మెట్లన్నీ ఒకేలా కనిపిస్తున్నాయి. కాలు పెడితే మాత్రం ఒక్కోటీ కొండంత ఎత్తు.”

“ఆఁ?”

“ఎంతెత్తో మెట్టు మీదే రాసి పెట్టచ్చుగా!”

పిన్ని నా చెయ్యి పట్టుకుని చాలాసేపు కిటికీలోంచి చూసింది. ఆ చూపు నాకు తెలుసు. ఎక్కడో పాలు పొంగుతున్నాయి.

అట్నుంచి అటే ఆఫీసుకి పోయింది. కంప్యూటర్లో గ్రాఫు గీతల జోలికి పోలేదు. పక్కన కొత్తగా రెండు వరసలు రాసుకుంది. ఒకదాంట్లో సున్నా, ఒకటి, రెండు, మూడు, నాలుగు. వాటికెదురుగా అసలు విలువలు: ఒకటి, పది, వంద, వెయ్యి, పదివేలు. నిలువు గీత పొడవునా ఐదు చుక్కలు పెట్టి, వాటికి ఆ అసలు విలువలు తగిలించింది. తర్వాత చుక్కలకి రంగు తీసేసింది. పాత అంకెలు చెరిపేసింది. చుక్కలు మాయమయ్యాయి, వాటి పక్కన రాత మిగిలింది: నాలుగున్న చోట ఇప్పుడు పదివేలు.

మర్నాడు మీటింగు మధ్యలోనే ఇంజినీరు గారు కాగితం పట్టుకుని ఆవిడ బల్ల దగ్గరికొచ్చారు.

“ఈ పదివేలు ఎప్పట్నుంచమ్మా?”

“నెల రోజుల్నుంచీ సార్.”

“మరి మాకెందుకు చెప్పలేదు?”

అడుగున రాశాను కదా అనచ్చు. నేనైతే అనేదాన్నే, ఇంకో రెండు మాటలు కలిపి మరీ. పిన్ని అనలేదు.

“నాలుగని పంపాను సార్,” అంది.

మధ్యాహ్నానికల్లా ట్యాంకు మూశారు. వీధిలోకి లారీలో మంచినీళ్లు వచ్చాయి. సాయంత్రం పిన్ని వచ్చి నా పక్కన కూర్చుంది.

“మెట్ల మీద ఎత్తు రాశానే. నెల ముందే రాయాల్సింది,” అంది మెల్లగా.

నేను కళ్లు మూసుకున్నాను. మళ్లీ అవే మెట్లు, ఈసారి అంకెలతో. పదివేలని రాసున్న ఐదో మెట్టు మీద పిన్ని ఒక్కతే కూర్చుని ఏడుస్తోంది. భయమేసి కళ్లు తెరిచాను. మంచం మీద కూడా ఏడుస్తూనే ఉంది.